మూడో వద్దు

తల్లాడ అడ్డరోడ్డు మీద సవరమ్మ ఇరవై రెండేళ్లు చాయ్ పోసింది. ఆ చాయ్ కోసం బస్సు వదిలేసుకున్నవాళ్లు ఉన్నారు, మళ్లీ బస్సు వచ్చేదాకా ఇంకో గ్లాసు తాగినవాళ్లూ ఉన్నారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆమె బండి లేచిపోయింది. అప్పటినుంచి మిరప తోటల్లో కాయలు కోయడానికి పోతోంది. కూలి పనికి ఆమె ఎన్నడూ నామోషీ పడలేదు. కానీ మిరప ఘాటు పట్టిన వేళ్లతో అల్లం దంచితే అల్లం వాసన కూడా తెలియదు. అది మాత్రం ఆమెకు బాధగా ఉండేది.

అందుకే ఏన్కూరు దాటి అడవి మొదలయ్యే చోట కట్టిన పర్యాటకుల కుటీరాల్లో టీ గదికి మనిషి కావాలంటున్నారని వినగానే చీర మార్చుకుని పోయింది. మేనేజరు ప్రభాకర్ మంచివాడే గానీ కాగితం మనిషి. ఏ మాటకైనా కాగితం తీస్తాడు.

"వచ్చేటోళ్లల్ల సగం మందికి తెలుగు రాదమ్మా. ఇంగ్లీషుల అడిగి ఇవ్వాలె. ఈ కాగితంల ఉన్నట్టే మాట్లాడాలె. శనివారం పొద్దుగాల చూస్త. ఖమ్మం నుంచి ఇంకో అమ్మాయి గూడ వస్తున్నది. ఇద్దరిల ఒక్కరికే పని."

"ముందు నా చాయ్ తాగి చూడున్రి సార్."

"నేను చాయ్ తాగనమ్మా. గ్యాస్."

చాయ్ తాగనివాడు చాయ్‌కి పరీక్ష పెట్టడమేమిటని దారి పొడుగునా గొణుక్కుంటూ ఇంటికి చేరింది సవరమ్మ.

కోడలు అక్సా తల్లాడలో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతుంది. ఆ సాయంత్రం నుంచే అత్తకు పాఠం మొదలుపెట్టింది. సవరమ్మకు నోరు తిరగకపోవడం అన్న సమస్యే లేదు. లారీ డ్రైవర్లతో నాలుగు భాషల్లో బేరమాడిన నోరు అది. చిక్కంతా మొదటి వాక్యంతోనే వచ్చింది.

"వుడ్ యూ లైక్ సమ్ టీ?" అని చదివి, "అంటే ఏంది బిడ్డా?" అంది.

"చాయ్ తాగుతరా అని, అత్తమ్మా."

సవరమ్మ కాగితం కింద పెట్టేసింది. "గట్ల అడుగుతరా ఎవరన్న? మనిషి వచ్చి కూసుంటే చాయ్ పొయ్యాలె. తాగుతవా అని అడిగితె, వద్దను పో అన్నట్టే. నా బతుకుల ఎవర్నీ గట్ల అడగలే."

"ఇంగ్లీషుల అదే మర్యాద అత్తమ్మా. వాళ్లు నో థాంక్యూ అంటే, సరే అని నవ్వి వెనక్కి రావాలె. కాగితంల గదే ఉన్నది."

"ఒక్క వద్దుకే వెనక్కి వస్తరా?" సవరమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "మొదటి వద్దు మర్యాదకు. రెండో వద్దు మొగమాటానికి. మూడో వద్దు ఉన్నది చూడు, గదే అసలు వద్దు. గది గూడ తెల్వనోళ్లు చాయేం పోస్తరు?"

అక్సా నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆలోచించి, ఇంకో రెండు మాటలు చెప్పింది. మీకు చాయ్ ఎట్లా కావాలి అని అడగాలంటే, "హౌ డూ యూ టేక్ యువర్ టీ?" వద్దన్నవాళ్లను బతిమాలాలంటే, "జస్ట్ హాఫ్ ఎ కప్." సగం కప్పే కదా అని.

సవరమ్మ మొహం వికసించింది. "గిది మనిషి మాట. ఇంగ్లీషోళ్లల్ల గూడ పెట్టే చెయ్యి ఉన్నోళ్లు ఉన్నరన్నమాట."

మూడు రోజులు ఆ రెండు మాటలే. కోళ్లను అడిగింది, పొయ్యిని అడిగింది, భర్త ఆంథోనిని పొద్దున లేవగానే అడిగింది. "ఇంగ్లీషు తర్వాత గానీ ముందు చాయ్ పొయ్యి," అన్నాడాయన.

శనివారం ఎనిమిదింటికి, పిట్టలను చూడడానికి తెల్లవారుజామునే అడవిలోకి పోయిన ఆరుగురు అతిథులు తిరిగి వచ్చారు. మంచుకు చెప్పులు, పంచెలు, ప్యాంట్లు అన్నీ తడిసి ఉన్నాయి. వరండాలో ఆ పక్క ముగ్గురు హేమలతకు, ఈ పక్క ముగ్గురు సవరమ్మకు. హేమలత ఖమ్మంలో హోటల్ చదువు చదివిన పిల్ల. మాట తేనెలా జారుతుంది. కాగితంలో ఉన్నట్టే అడిగింది. ఇద్దరు "నో థాంక్యూ" అన్నారు. ఆమె నవ్వి, తల వంచి, వెనక్కి వచ్చేసింది. ప్రభాకర్ కాగితం మీద టిక్కు పెట్టాడు.

సవరమ్మ ఆ టిక్కు వంక చూసింది. తప్పితే మళ్లీ మిరప తోటే. ఎదురుగా కలకత్తా నుంచి వచ్చిన పెద్దావిడ చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. చలికి వణుకుతున్న మనిషిని చాయ్ తాగుతావా అని అడగడానికి సవరమ్మకు నోరు రాలేదు. మొదటి వాక్యం వదిలేసింది.

"హౌ డూ యూ టేక్ యువర్ టీ, అమ్మా?"

ప్రభాకర్ పెన్ను ఆగింది.

పెద్దావిడ తలెత్తి చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపింది. హోటళ్ల పాకం చాయ్ తాగలేక మానేశానని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సవరమ్మకు అందులో ఒక్క షుగరే అర్థమైంది. అది చాలు. రెండు వేళ్లు దగ్గరకు పెట్టి, "జస్ట్ హాఫ్ ఎ కప్," అంది. "నో షుగర్."

వెనక్కి తిరిగి, నీళ్లు తెర్లుతుంటే అల్లం ముక్క చితక్కొట్టి వేసింది. టీ ఆకు వేసి మూత పెట్టింది, పాలు చుక్కగా పోసింది, ఒక్క పొంగు రాగానే దించింది. మూడు రోజులుగా కాయలు కోయని వేళ్లకు అల్లం వాసన తగిలి ఆమెకు కళ్లు చెమర్చాయి. సగం కప్పు పోసి ఆవిడ రెండు చేతుల్లో పెట్టింది.

ఆవిడ ఒక గుక్క తాగింది. రెండో గుక్కకు కళ్లు మూసుకుంది. తర్వాత ఖాళీ కప్పు ముందుకు చాచి, "ది అదర్ హాఫ్, ప్లీజ్," అంది. పక్కనున్న ఇద్దరూ తమకెట్లా కావాలో చెప్పడం మొదలుపెట్టారు. ఒకాయనకు పాలు ఎక్కువ, ఒకాయనకు డికాక్షన్ ఎక్కువ. ఆ పక్క వద్దన్న ఇద్దరూ కుర్చీలు ఇటు జరుపుకున్నారు. చివరికి హేమలత కూడా వచ్చి, "ఆంటీ, నాక్కూడా," అని గ్లాసు పట్టుకుంది.

అతిథులు లేచిపోయాక ప్రభాకర్ కాగితం పట్టుకుని వచ్చాడు. "సవరమ్మా, మొదటి మాట అడగనే లేదు. వద్దన్నంక వెనక్కీ రాలేదు. రెండూ తప్పులే."

"అవ్ సార్, తప్పులే. మీకెట్ల పొయ్యాలె?"

"నాకొద్దమ్మా, చెప్పిన గద."

"అల్లం కడుపుకు మంచిది సార్. జస్ట్ హాఫ్ ఎ కప్."

"ఏ, వద్దులే," అన్నాడు ప్రభాకర్, ఈసారి గిన్నె వైపు చూస్తూ.

సవరమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. రెండయ్యాయి. కప్పు ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని మూడోదాని కోసం నిలబడింది.

మూడో వద్దు రాలేదు. ప్రభాకర్ కాగితాన్ని మడిచి కప్పు కింద పెట్టుకుని, ఊదుకుంటూ తాగాడు. అడుగు దాకా తాగాక జేబులోంచి టీ గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు ఆరింటికల్లా రావాలె," అన్నాడు. "నేను గూడ ఆరింటికే వస్త."