గోటి పరీక్ష

పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే ఇద్దరు ఆడవాళ్ళు ఒకే గార్డెన్ క్లబ్బులో ఉండకూడదు. ఉన్నా, ఒకావిడ అధ్యక్షురాలు, ఇంకొకామె ఆవిడ తమ్ముడి భార్య అసలు కాకూడదు. లైబ్రరీ వెనకున్న ఖాళీ స్థలంలో అందరి కోసం మొక్కలు నాటే ఈ క్లబ్బుకు ఆ రెండు అదృష్టాలూ ఒకేసారి పట్టాయి.

ఆడపడుచు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. బడి వదిలినా బడి ఆవిణ్ణి వదల్లేదు. మొక్కల్ని ఎత్తు ప్రకారం వరసలో నిలబెట్టేది, కాస్త పక్కకి వంగినదాన్ని కర్రకు కట్టేసేది. మరదలు మాత్రం క్లబ్బులో చేరింది ఒకే ఒక్క మొక్క కోసం. అమ్మ పోయాక అన్నయ్య పుట్టింటిని అమ్మేశాడు. కొన్నవాళ్ళు పెరడంతా సిమెంటు చేయిస్తున్నారని తెలిసి, అమ్మ పెంచిన నాటు గులాబీని వేళ్ళతో సహా తవ్వి తెచ్చుకుంది. తాను ఉండేది ఎండ తొంగి చూడని ఫ్లాటు. నేల కావాలంటే ఆడపడుచు చేతికింద ఉన్న నేలే దిక్కు.

“నాటుకో, నేనేమన్నా వద్దన్నానా?” అంది ఆడపడుచు, వద్దన్న గొంతుతోనే. “కానీ రూలు అందరికీ ఒకటే. వచ్చే శ్రమదానం నాటికి బతికుందని తేలకపోతే పీకి పారేస్తాం. ఇది తోట, శ్మశానం కాదు.”

మడి మూలన నాటిన గులాబీ, చోటు మారినందుకు అలిగినట్టు ఆకులన్నీ రాల్చేసి, ముళ్ళ పుల్లై నిలబడింది.

ఇక మొదలైంది గోటి పరీక్ష. క్లబ్బులో అది అందరికీ తెలిసిన పద్ధతే. మొక్క మీద అనుమానం వస్తే గోటితో బెరడు రవ్వంత గీకి చూస్తారు. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టు, గోధుమరంగులో ఉంటే పోయినట్టు. మామూలు మొక్కకైతే ఒక్క గీత చాలు. ఈ మొక్కకు ఇద్దరు శత్రువులున్నారు, అందులో ఒకామె దాని ప్రాణం కోసం పోరాడుతున్నామె.

పొద్దున ఆడపడుచు వచ్చి ఒకచోట గీకి, “ఎండిపోయింది” అని తేల్చి వెళ్ళేది. సాయంత్రం మరదలు ఇంకోచోట గీకి, పచ్చదనం కనబడేలా ఫొటో తీసి క్లబ్బు గ్రూపులో పెట్టేది. ‘ఫోన్లలో రంగులు మార్చడం ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా వచ్చు’ అని ఆడపడుచు దాని కింద రాసేది. తనకు పక్షపాతం లేదని చూపించుకోవడానికి క్లబ్బు సభ్యుడైన పళ్ళ డాక్టరు కళ్ళజోడు సవరించుకుని, పుచ్చిన పన్ను చూసినంత శ్రద్ధగా మరోచోట గీకాడు. ఆ తర్వాత అటువాళ్ళు, ఇటువాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు, అందరూ గోళ్ళకు పని చెప్పారు.

ఇంట్లో భర్త విసుక్కున్నాడు. “అక్క రూలు చెప్పింది, అంతేగా? దానికింత రాద్ధాంతమా?”

“మీ అక్కకు రూళ్ళు చెప్పడం రాకముందు నుంచీ ఉంది ఆ చెట్టు.”

“చెట్టెక్కడుందే? పుల్ల ఉంది.”

ఆ పూట ఆయనకు కూర వేడిచేసి పెట్టే నాథుడు లేకపోయాడు.

శ్రమదానం రోజు పొద్దున్నే ఆడపడుచు పలుగు భుజాన వేసుకుని వచ్చింది. మొక్కకు పలుగెందుకని పళ్ళ డాక్టరు అడగబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు.

“ఏమ్మా, ఏమంటోంది నీ పుల్ల?”

“మీకోసమే ఎదురుచూస్తోంది వదినా. పాడె మోసేవాళ్ళు ఇంకా రాలేదేమా అని.”

ఎవరో కిసుక్కున నవ్వి దగ్గు కింద మార్చేశారు. ఆడపడుచు వంగి గోరు ఆనించబోయి ఆగింది. గీకడానికి చోటు లేదు. మొదలు నుంచి చివరి దాకా చుట్టూ తోలు లేచిపోయి, పుల్లంతా గోధుమరంగుకు తిరిగి ఉంది. ఆ గీతల్లో సగం తనవేనని మరదలికి చూడగానే తెలిసింది.

“మనమే కాస్త ఎక్కువగా చూశామేమో...” అని నసిగాడు పళ్ళ డాక్టరు.

“చూస్తే చచ్చే మొక్క ఎందుకండీ మనకు?” అంది ఆడపడుచు. మరదలి వైపు తిరిగి, అందరికీ వినబడేలా అంది. “మీ అమ్మ చేతి చలవ మీ అమ్మతోనే పోయింది. ఇకనైనా వదిలేయ్.”

నాలుక చివరిదాకా వచ్చిన మాట బయటికొస్తే ఆ ఇంటికి ఈ ఇంటికి రాకపోకలు ఉండేవి కావు. దాన్ని మింగి, మరదలు కింద కూర్చుంది. “నేనే తీస్తాను, జరగండి.”

పుల్ల మొదలు దగ్గర మట్టి పక్కకి తోసింది. ఎవరి గోరూ చేరని లోతున, కాండానికి అతుక్కుని బియ్యపు గింజంత ఎర్రటి చిగురు ఉంది.

అరవబోయింది. రండి, చూడండి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూడండి అని. ఆ అరుపు తర్వాత ఏం జరుగుతుందో కూడా ఆ క్షణమే కళ్ళకు కట్టింది. అందరూ వస్తారు, చూస్తారు. అది నిజంగా చిగురేనా అని ఎవరో ఒకరు గోరు పెడతారు. రేపు పొద్దున ఆడపడుచు పెడుతుంది. సాయంత్రం, ఉందో లేదో అని, తానే పెడుతుంది.

మట్టి మళ్ళీ కప్పేసింది. కత్తెర అందుకుని పుల్లను నేల మట్టానికి కత్తిరించి ఆడపడుచు చేతిలో పెట్టింది.

“మీరన్నదే నిజం వదినా. పోయింది.”

యుద్ధానికి తయారై వచ్చినావిడకు ఒక్కసారిగా పలుగు బరువెక్కినట్టుంది. అయినా తేరుకుంది.

“నా మాట మొదట్లోనే వింటే ఇంత అల్లరి అయ్యేదా? మరి వేళ్ళు?”

“కుళ్ళి ఎరువవుతాయి. మీ బంతినారు వేసేయండి పైన.”

బంతినారు వెంటనే వచ్చింది, వరసలో నిలబడింది. ఈ మడిలో కలుపు ఎవరు తీస్తారని ఆడపడుచు అడిగితే అందరూ ఆకాశంలోకి చూశారు. నడుం పడిపోయే పని అది.

“నేను తీస్తాను” అంది మరదలు.

“అదీ! ఇప్పటికి దారికొచ్చావు.”

మడిలో ఏది కలుపో, ఏది కాదో చూసుకునే పని అలా ఆమె చేతికొచ్చింది. ఆడపడుచు నీళ్ళ క్యాను నింపుకొచ్చి, గెలిచిన చేత్తో బంతినారు మీద ధారగా పోయసాగింది.

“ఆ మూల ఇంకాస్త పోయండి వదినా.”

“నాకు నువ్వు చెప్పాలా?” అని కసిరి, ఆడపడుచు ఆ మూల క్యాను మొత్తం వంచేసింది.