మాత్కెరిమ్ తోటలో థర్మామీటరు

తొమ్మిదేళ్లపాటు ప్రతి ఏప్రిల్‌లోనూ బురుల్ ఎజె ఆప్రికాట్ పూలు లెక్కపెట్టింది. కిర్గిజ్ దేశంలోని మా బాత్కెన్ చుట్టుపక్కల నాలుగు తోటల్లో థర్మామీటర్లు పెట్టించి, ఎంత చలికి పూలు మాడిపోతున్నాయో రాసుకునేది. పండ్లతోటల పరిశోధన కేంద్రంలో నేను ఆమె దగ్గర పనిచేసేదాన్ని. నాకు తోడబుట్టిన అక్క లేదు. నోరారా ఎజె అని పిలుచుకున్నది ఆమెనే.

అంతకుముందు ఆమె వ్యాసం ఒకటి పేరున్న జర్నల్‌లో వచ్చింది. ఎవరో రైతు అడిగితే చూపిద్దామని కంప్యూటర్‌లో తెరవబోయింది. చదవాలంటే డబ్బు కట్టమని తెర మీద వచ్చింది. తను రాసిన వ్యాసం తనకే తలుపు తియ్యలేదు.

అందుకే ఈ పూల లెక్కల మీద రాసిన వ్యాసాన్ని ఎవరైనా ఊరికే చదువుకోగల జర్నల్‌కు పంపింది. అలాంటి చోట ఖర్చు రాసినవాళ్లే భరించాలి. మా వంటి దేశాలవాళ్లకు మాఫీ ఉందని తెలిసి ఒక ఉత్తరం రాస్తే, వాళ్లు సరేనన్నారు. ఇద్దరు పరిశీలకులు నాలుగు నెలలు ఆ వ్యాసాన్ని దులిపి దులిపి వదిలారు.

ఎజెకు చదువు చెప్పిన మాస్టారు తెమిర్కుల్ అగాయ్ రిటైరై పదేళ్లయినా రోజూ మా గదికి టీకి వచ్చేవాడు. ఆయనకు ఇది నచ్చలేదు.

"ఊరికే ఇచ్చేదాన్ని ఎవడు గౌరవిస్తాడే బురుల్?"

"గౌరవం సంగతి తర్వాత చూద్దాం అగాయ్. ముందు చదవనీండి."

"చదివేదెవరు? నువ్వూ, నేనూ, ఇదిగో ఈ పిల్లా. అంతేగా!"

"మీరు చదివారా మరి?"

"కళ్లజోడు బాగుచేయించుకున్నాక చదువుతా" అని అగాయ్ నాన్ ముక్క టీలో ముంచుకున్నాడు.

వ్యాసం వచ్చిన ఐదో నెలలో జిబెక్ అనే ఆవిడ నుంచి ఉత్తరం వచ్చింది. మా నాలుగు తోటల్లో ఒకటి ఆమె తండ్రి మాత్కెరిమ్‌ది. ఆమె ఊరి బడిలో ఇంగ్లీషు టీచరు. మా వ్యాసాన్ని వారం రోజులు కూర్చుని తండ్రికి కిర్గిజ్‌లో చదివి వినిపించిందట. ఆ తోటలోని పాత రకం చలికి బాగా బలహీనమని, సున్నాకు రెండు డిగ్రీలు కిందికి పోతే పూలు రాలిపోతాయని మేము రాశాం. ఆ మాట విని ఇరుగుపొరుగు తమ తోటల్లోని అదే రకం చెట్లు కొట్టేయాలని చూస్తున్నారట. "థర్మామీటరు తోటలో లేదు, కాలువ తూము పక్కనుంది అంటున్నారు నాన్న. ఒకసారి వచ్చి చూస్తారా?"

మర్నాడే వెళ్లాం. పెద్దాయన మాత్కెరిమ్ ఆత గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రామ్మా, రా. నా చెట్లు పిరికివని లోకమంతా చాటావుగా! టీ తాగి మరీ తిట్లు తిను."

"తింటా ఆతా. ముందు థర్మామీటరు బిగించిన స్తంభం చూపించండి."

"అదిగో. కాలవలో నీళ్లు పారుతుంటే పక్కన వెచ్చగా ఉండదూ? లోపల చెట్ల మధ్య ఎముకలు కొరికే చలి. నీ యంత్రం వెచ్చగా కూచుని రెండంది. నా చెట్లు ఓర్చుకున్నది నాలుగు!"

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"అడిగావా? చదువుకున్నవాళ్లు, తెలిసే పెట్టారనుకున్నా. నువ్వేం రాసుకుపోతున్నావో కాయితం చూస్తే గదా నాకు తెలిసేది!"

తర్వాత వచ్చిన ఏప్రిల్‌లో చెట్ల మధ్య రెండో థర్మామీటరు పెట్టాం. తేడా ఒకటిన్నర డిగ్రీ తేలింది. ఆయన చెప్పినంత కాదు గానీ, తప్పు మాదే.

"తప్పని నువ్వే అచ్చు వేయించుకుంటావా? పరువు పోతుందే" అన్నాడు తెమిర్కుల్ అగాయ్.

మధ్యాహ్నమంతా ఎజె సామాన్ల గదిలో పాత పుస్తకాల ముందు కూర్చుంది. తొమ్మిదేళ్ల అంకెలు. నేను టీ తీసుకెళ్తే, కళ్లు తుడుచుకుని అంది: "మాత్కెరిమ్ ఆత చదివించుకోబట్టి బతికిపోయాం. లేకపోతే ఈ తప్పు నాతోపాటే ముసలిదయ్యేది."

సవరణ అదే జర్నల్‌లో వచ్చింది. ఎజె పేరు పక్కన మాత్కెరిమ్ పేరు, జిబెక్ పేరు వేయించింది. దానితోపాటు కిర్గిజ్‌లో రెండు పేజీలు రాసి ఊరూరా పంచింది. రెండు కుటుంబాలు గొడ్డళ్లు పక్కన పెట్టాయి. మూడో కుటుంబం అప్పటికే నలభై చెట్లు కొట్టేసింది. ఎజె వాళ్లింటికి వెళ్లి తలవంచుకుని క్షమించమంది. ప్లోవ్ అన్నం పెట్టారు గానీ, పెద్దగా మాట్లాడలేదు.

తర్వాత వారంలో తెమిర్కుల్ అగాయ్ రెండు సంచులు ఈడ్చుకుంటూ వచ్చాడు. నిండా నోటు పుస్తకాలు. ముప్పై ఒక్క వసంతాల్లో ఏ చెట్టు ఏ రోజు పూసిందో రాసుకున్న లెక్కలు. అవి ఉన్నాయని మాకెవరికీ తెలియదు.

"వీటిని కూడా అందరికీ కనబడేలా పెట్టేయవే. నేను బతికుండగానే తప్పులు పట్టనీ" అన్నాడు, ఎటో చూస్తూ.

ఎజె పై పుస్తకం తెరిచి పకపకా నవ్వింది.

"అగాయ్, ఇక్కడ ఫిబ్రవరి ముప్పై అని రాశారు!"

"ఏదీ? ఇటివ్వు" అంటూ ఆయన ఆమె కళ్లజోడు లాక్కుని పెట్టుకున్నాడు.