గాలి పడవకు పూజ

ఆర్నెల్లుగా హాల్లో సోఫాకు అతుక్కుపోయిన మా ఆయన ఒకరోజు కాఫీ గ్లాసు కింద పెడుతూ, "భానూ, ఒక కయాక్ కొనుక్కుందామా?" అన్నారు. కయాక్ అంటే ఏంటని అడిగితే ఫోన్‌లో చూపించారు. సన్నగా, పొడుగ్గా, ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే పడవ. వికారాబాద్ దాటాక పెద్ద చెరువొకటుందట, ఆదివారాలు సరదాకి చాలామంది వెళ్తున్నారట.

అమీర్‌పేటలో మూడో అంతస్తులో, వాడుకునే నీళ్ళకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఇంట్లో ఉంటూ పడవ అడిగిన మనిషిని ఏమనాలి? ఇంకో రోజైతే గట్టిగానే అనేదాన్ని. కానీ ఆర్నెల్లలో ఆయన ఫలానాది కావాలని నోరు తెరవడం అదే మొదటిసారి.

మా ఆయన, అంటే ప్రమోద్ సార్, మా వీధుల్లో చాలామందికి తెలుసు. మైత్రీవనం వెనక ఒక కోచింగ్ సెంటర్లో ఏళ్ళ తరబడి సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పారు. చోటు లేక పిల్లలు నిలబడి వినేవాళ్ళు. తర్వాత పిల్లలు తగ్గారు, బ్యాచ్‌లు తగ్గాయి, చివరికి సెంటర్ వాళ్ళు "అవసరమైతే పిలుస్తాం సార్" అన్నారు. ఆయన ఫొటో ఉన్న ఫ్లెక్సీ మాత్రం వెలిసిపోయి ఇంకా స్తంభానికి వేలాడుతూనే ఉంది. అది కంటపడకూడదని ఆయన సందులన్నీ చుట్టి ఇంటికొచ్చేవారు. కొన్నాళ్ళకు బయటికి వెళ్ళడమే మానేశారు. డాక్టరుగారు దిగులు తగ్గడానికి మాత్రలు రాసి, "ఒంటరిగా వదలకండి, ఏదైనా చేస్తానంటే కాదనకండి" అని చెప్పారు. మా అత్తయ్యగారు హైమవతమ్మకు అవి గ్యాస్ మాత్రలని చెప్పాను. ఆవిడ పాపం శెనగపప్పు వండడం మానేశారు.

తీరా చేస్తానన్నది ఇదీ. ఒంటరిగా వదలకూడని మనిషి ఒంటరిగా నీళ్ళ మధ్యకు పోతానంటున్నారు. కాకినాడలో పుట్టి పెరిగారన్న మాటే గానీ ఆయనకు ఈత రాదు. నా భయమేమిటో నాకు బాగా తెలుసు. ఈయన వెళ్ళేది తిరిగి రావడానికేనా? పైకి అంటే నిజమైపోతుందేమోనని నోరు మెదపలేదు.

పంజాగుట్టలో టెంట్లు, ట్రెక్కింగ్ సంచులు అమ్మే జహూర్ భాయ్ కొట్టుకు వెళ్ళాం. నా ఒక్క జీతం మీద నడుస్తున్న ఇల్లు కాబట్టి పదిహేను వేలు దాటకూడదని ముందే అనుకున్నాం. గోడకు ఆనించిన గట్టి ప్లాస్టిక్ పడవ ధర వినగానే నేను గుమ్మం వైపు తిరిగాను.

"ఆగండ్రి మేడమ్," అన్నాడు జహూర్ భాయ్. "గా పడవ మీకెందుకు? మీ లిఫ్టుల పట్టదు, మెట్లకాడ తిరగదు. గాలిది తీస్కోండ్రి. మడతపెట్టి సంచిల ఏస్కుంటె బస్సుల సుత పోవచ్చు."

నీలం రంగు పడవను నేల మీద పరిచాడు. కాలితో తొక్కే పంపు, విడదీసే తెడ్డు, చిల్లు పడితే అంటించడానికి ప్యాచ్‌లు, అన్నీ అదే సంచిలో ఉన్నాయి. అనుకున్న డబ్బులోనే వచ్చింది.

"లైఫ్ జాకెట్ ఏ సైజు ఇయ్యాలె అన్నా?"

"జాకెట్ వద్దు," అన్నారు మా ఆయన.

"ఈత మంచిగొస్తదా?"

"రాదు."

"మరి జాకెట్ లేకుంటె ఎట్లన్నా?"

"బడ్జెట్ అయిపోయింది భాయ్." ఆ మాటంటూ ఆయన తెడ్డు వంకే చూస్తున్నారు.

"ఇంకొంచెమే కదండీ, నేను సర్దుతాను," అన్నాను. "వద్దన్నానుగా భానూ," అని సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగిపోయారు. జహూర్ భాయ్ నావైపు తిరిగి, "ఫికర్ చేయకుండ్రి అక్కా, ఒక జాకెట్ పక్కన పెడ్త," అన్నాడు. బయటివాడికే అనుమానం వచ్చిందంటే నాది ఉత్త భయం కాదన్నమాట. దారి పొడవునా అదే ఆలోచన.

శనివారం పొద్దున్న ఆయన హాల్లో పడవకు గాలి కొట్టారు. డైనింగ్ టేబుల్ బాల్కనీ తలుపు దాకా జరపాల్సి వచ్చింది. అత్తయ్యగారు వంటింట్లోంచి పళ్ళెంతో వచ్చారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు.

"ఎందుకమ్మా ఇవన్నీ?"

"కొత్త బండికి పూజ చెయ్యకుండా ఎలా ఎక్కుతావురా? స్కూటర్‌కి చెయ్యలేదూ?" అని ఆవిడ పడవ చుట్టూ తిరిగి చూశారు. "దీనికి చక్రాలేవీ? నిమ్మకాయలు దేనికింద పెట్టను?"

పెట్టాల్సిన చోటు దొరక్క నాలుగూ పడవలోనే పెట్టారు. ముక్కుకు బొట్లు పెట్టారు. స్కూటర్‌కైతే హ్యాండిల్ సందులో అగరుబత్తులు గుచ్చేవారు. దీనికి ముందువైపు పట్టీ కనిపిస్తే అందులో గుచ్చి, కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం మొదలుపెట్టారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. నేను కోరుకున్నది ఒక్కటే, ఈ పడవ మా ఇల్లు దాటకూడదని.

సుయ్యిమని చప్పుడు. కళ్ళు తెరిచేసరికి అగరుబత్తి వాలిపోయి పడవకు ఆనుకుని ఉంది. పడవ ముక్కు మెల్లగా వంగి, అత్తయ్యగారి కాళ్ళకు దండం పెడుతున్నట్టు నేలకు ఆనింది.

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. అత్తయ్యగారేమో కొబ్బరికాయ చేతిలోనే పట్టుకుని ఏడుపు. "అపశకునంరా నాన్నా, వెళ్ళకు."

"అవునండీ, మానేయండి," అన్నాను ఆత్రంగా. శకునాలను నమ్మని నేను.

ఆయన ఇద్దరినీ పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చిల్లు చుట్టూ పెన్నుతో సున్నా గీసి, జహూర్ భాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"అగర్‌బత్తికి వారంటీ యాడుంటదన్నా!" అవతల నవ్వు. "ఫికర్ లేదు, సంచిల ప్యాచ్ ఉంది, అంటియ్యి. గని జల్దీ చేయకు. ఒక దినం మంచిగ ఆరాలె, పైన బరువు పెట్టాలె."

ఆయన గాలంతా తీసేసి, ఆ చోటు తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ప్యాచ్ అంటించారు. దానిమీద పీట, పీట మీద రుబ్బురోలు పొత్రం పెట్టారు. పూజ పాడైందని మంచమెక్కిన తల్లిని వెళ్ళి, "నీ తప్పేం లేదమ్మా," అని ఓదార్చారు. ఆర్నెల్లుగా ఓదార్చాల్సి వచ్చింది ఆయన్నే.

ఆదివారం నిద్ర లేచి చూస్తే పక్కన ఆయన లేరు. హాల్లోకి పరిగెత్తాను. ఎండెక్కితే గానీ మంచం దిగని మనిషి, పడవకు మళ్ళీ గాలి కొట్టి, నేల మీద బోర్లా పడుకుని ప్యాచ్ అంచుకు సబ్బు నురగ రాస్తున్నారు.

"బుడగ రావట్లేదు," అన్నారు నా వంక చూడకుండానే.

పక్కన కూలబడ్డాను. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పటికీ అడగలేననిపించింది.

"ఏమండీ, నిజం చెప్పండి. జాకెట్ ఎందుకు వద్దన్నారు?"

సబ్బు చెయ్యి లుంగీకి తుడుచుకున్నారు.

"కొన్న రోజు... తిరిగి రావడం గురించి అనుకోలేదు భానూ."

తెలిసిందే. అయినా ఆయన నోట విన్నాక ఏడుపు ఆగలేదు. చెయ్యి పట్టుకుని, "ఇప్పుడో?" అన్నాను.

"ఇప్పుడు..." అని ప్యాచ్ వంక చూశారు. "ఇది నీళ్ళలో నిలుస్తుందో లేదో చూడాలనుంది."

"అంతేనా?"

"ప్రస్తుతానికి అంతే."

అది చాలదని నాకు తెలుసు. ఆయన ఎదుటే డాక్టరుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ రమ్మన్నారు. ఆ ఆదివారం చెరువుకు వెళ్ళలేదు. వచ్చేవారమైనా నేను వెంట లేకుండా వెళ్ళకూడదన్నాను. ఆయన తలూపారు.

సాయంత్రం పంజాగుట్టకు బయల్దేరాం. సందులు చుట్టకుండా తిన్నగా నడిచారు. ఫ్లెక్సీ కింద ఒక్క క్షణం ఆగి, "అప్పుడు మీసం బాగుండేది," అన్నారు.

జహూర్ భాయ్ ఏమీ అడక్కుండా పక్కన పెట్టిన జాకెట్ తెచ్చి ఆయనకు తొడిగాడు. "అక్కా, పట్టీలు మీరే బిగించండ్రి. మల్ల నీళ్ళకాడ మీరే జేయాలె కదా."

ఒక్కొక్క పట్టీ గుంజి బిగించాను. "ఊపిరాడట్లేదే, కాస్త వదులు చెయ్యి," అన్నారు ఆయన. నేను చెయ్యలేదు.