మూడు రోజుల సముద్రం

"ఇడ్లీ రేకులు మరిచిపోకు" అన్నారు మా ఆయన చలపతిరావు, అటక మీంచి పెట్టె దించుతూ. సముద్రం చూడ్డానికి వెళ్ళే మనిషి అన్నిటికన్నా ముందు ఇడ్లీ రేకులు సర్దుకోవాలన్నమాట. ఆ తరవాత మిక్సీ, కందిపొడి, ఆవకాయ, అక్కడ గ్యాసు ఉంటుందో లేదోనని కిరసనాయిలు స్టవ్వు, దాని పిన్ను, తొమ్మిదిమందికి కంచాలు. ఆయన ప్లాంటు వాళ్ళకి విశాఖపట్నం అవతల సముద్రపు ఒడ్డున ఒక హాలిడే హోమ్ ఉంది. నాలుగేళ్ళు అర్జీలు పెడితే ఈ తొంభై ఆరు వేసవిలో మాకు ఐదు రోజులు ఇచ్చారు. గదులున్నాయి, వంటిల్లుంది, వండేవాళ్ళు మాత్రం లేరు. "అదేం ఇబ్బంది కాదురా, మన రత్నం ఉందిగా" అని ఆయన పక్క క్వార్టరు వాళ్ళ ఫోన్లో విజయవాడలో ఉన్న తమ్ముడికి చెప్పడం విన్నాను. నీళ్ళున్నాయి, కరెంటుంది, ఆ తరవాత రత్నం ఉంది.

గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ మొగులమ్మ ఈ సామానంతా చూసింది. వెలిమెల నుంచి నడిచొచ్చి మా వరసలో ఐదిళ్ళలో పనిచేస్తుంది. "గింత సామానేందమ్మా? ఇల్లు మారుతున్నరా ఏంది?" అంది.

"సముద్రం చూడ్డానికి వెళ్తున్నాం మొగులమ్మా."

"మీది సముద్రం కాడి ఊరే గద. మళ్ల ఏం సూస్తరు?"

ఈ పటాన్‌చెరు చుట్టుపక్కల అందరికీ మేం సముద్రం వాళ్ళం. మా పుట్టిల్లు తణుకు దగ్గర కాలవగట్టు ఊరు. నా ముప్ఫై తొమ్మిదేళ్ళలో సముద్రం చూసింది ఒక్కసారి, పెళ్ళికి ముందు, అంతర్వేది తీర్థంలో. అదీ అమ్మమ్మ కొంగు పట్టుకుని. నాకు గుర్తున్నవి జనం వీపులే. పెళ్ళయిన ఈ పద్దెనిమిదేళ్ళలో, సాయంత్రం ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగిందంటే కిటికీలు మూసుకుని, ఆ మూసిన కిటికీల వెనక చపాతీలు ఒత్తుకుంటూ, ఒక్క పూట సముద్రం ముందు ఊరికే కూర్చోవాలని అనుకుంటూ వచ్చాను. ఊరికే అంటే ఊరికే, చేతిలో బియ్యం చేట కూడా లేకుండా. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పినా వినపడదని.

వెళ్ళాం. మేం నలుగురం, మా అత్తగారు హైమావతి గారు, మా మరిది కామేశ్వరరావు, తోటికోడలు వీరలక్ష్మి, వాళ్ళ పిల్లలిద్దరు, ఇంకా పింకీ. పింకీ వాళ్ళ పామరేనియన్ కుక్క. తెల్లటి బొచ్చు, మా అత్తగారి మాటల్లో చెప్పాలంటే "మహారాణి". దిగీ దిగగానే అందరూ చెప్పులు విప్పేసి పరిగెత్తారు. నేను స్టవ్వు వెలిగించాను. ఆ వంటింటి కిటికీ సముద్రం వైపు ఉండి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. అది నీళ్ళ ట్యాంకు గోడ వైపుంది. హోరు వినపడుతూనే ఉంటుంది, కనపడేది మాత్రం గోడ. పొద్దున్న ఇడ్లీ, పదకొండుకి పిల్లలకి ఏదో ఒకటి, మధ్యాహ్నం పప్పూ కూరా చారూ, మూడింటికి టీలు, నాలుగింటికి "ఈ గాలికి పకోడీలైతే ఉంటుంది వదినా" అనే మరిది, రాత్రికి మళ్ళీ అన్నం. వీరలక్ష్మి కూరలు తరిగి ఇచ్చేది కానీ చంటిపిల్ల తల్లి, పదిసార్లు లేచేది. సముద్రం నా దాకా వాళ్ళ కాళ్ళకంటిన ఇసుక రూపంలో వచ్చింది. రోజుకి నాలుగుసార్లు ఊడ్చాను.

మూడోరోజు పొద్దున నేను ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. అందరూ తయారై వరండాలో నిలబడ్డారు. పింకీని స్తంభానికి కట్టేశారు. మిగతా వాళ్ళు సముద్రానికి పోయినప్పుడల్లా నాకది కాపలా, దానికి నేను కాపలా. మెట్లు దిగబోతున్న మా అత్తగారు ఆగి, "ఇవాళ పింకీని కూడా తీసుకెళ్దాంరా. పాపం, అదెప్పుడు చూసింది సముద్రం?" అన్నారు.

"అవునమ్మా, పాపం" అన్నారు మా ఆయన. గొలుసు విప్పారు.

ఆ పాపం నా గుండెల్లో గుచ్చుకుంది. కుక్క మీద అసూయపడ్డానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు, పడ్డాను. కత్తిపీట వాల్చి, చేతులు కడుక్కుని, గుమ్మం దాకా వచ్చి, "అత్తయ్యగారూ, నేను బయట చేరాను" అన్నాను.

మా ఇంట్లో ఆ మాటకున్న బలం ఇంకే మాటకీ లేదు. జ్వరమంటే మాత్ర వేసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళమంటారు. నడుం నొప్పంటే అమృతాంజనం చూపిస్తారు. ఈ మాటంటే మాత్రం పొయ్యి దగ్గరికి రావద్దంటారు. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి, "రామరామ. ఆవకాయ జాడీ గానీ ముట్టుకున్నావా?" అని అడిగారు. మా ఆయన నెత్తిన టోపీ సర్దుకుంటూ, "ఇప్పుడే రావాలా అదీ? బయల్దేరే ముందు డేట్లు చూసుకోవద్దూ?" అని విసుక్కున్నారు.

నేనాయన మొహంలోకి చూశాను. నాకు డేట్లు లేవు. పధ్నాలుగు నెలల కిందట నాకు గర్భసంచి తీసేశారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టింది ఈయనే. "ఎక్కడ?" అని అడిగి, నర్సు వేలు పెట్టి చూపించిన చోట పెట్టి, పెన్ను ఆమెకి తిరిగిచ్చేసి సెకండ్ షిఫ్టుకి వెళ్ళారు. గర్భసంచి అని రాస్తే బాగుండదని వాళ్ళమ్మకి 'కడుపులో గడ్డ తీశారు' అని ఉత్తరం రాశారు. కాబట్టి ఆవిడకి తెలీదు, ఆవిడని నేనేమీ అనను. ఆసుపత్రిలో నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది మొగులమ్మ. మూడు నెలలు బరువులెత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది. పన్నెండో రోజున ఈయన, "కూర్చుని చేసే పనులైతే చెయ్యొచ్చుగా" అన్నారు. కూర్చుని చేసే పనులతో మొదలుపెట్టి ఇంకో వారానికి బిందెలెత్తాను. అప్పటినుంచి నెలకి ముప్ఫై రోజులూ వంట నేనే చేస్తున్నాను. ఏ నెలా ఆ మూడు రోజులు పక్కన కూర్చోలేదని ఆయన గమనించలేదు. గమనించడానికేముంది, కంచంలో అన్నం ఉంది కదా.

ఇప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు "అదేంటి రత్నం?" అంటారు అనుకుంటూ ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. అబద్ధమాడిన మనిషి తను దొరికిపోవాలని కోరుకోవడం ఎక్కడైనా ఉంటుందా? నేను కోరుకున్నాను. ఆయన టోపీ సర్దుకోవడం అయిపోయింది. "పదండి పదండి, ఎండెక్కుతోంది" అన్నారు.

వరండా చివర నాకొక చాప, ఒక గ్లాసు, ఒక పళ్ళెం పెట్టారు. "సముద్రాన్ని మాత్రం ముట్టుకోకు" అని అత్తగారు హెచ్చరించి వెళ్ళారు. వాళ్ళు కుడివైపు వెళ్ళారు కాబట్టి నేను ఎడమవైపు నడిచాను. జాలరి పడవలు దాటాక ఎవరూ లేని చోట తడి ఇసుకలో కూర్చుని పాదాలు చాపాను. అల వచ్చి చీర కుచ్చిళ్ళ దాకా తడిపింది. సముద్రం గురించి గొప్పగా చెప్పడం నాకు రాదు. ఒకటి వస్తుంది, పోతుంది, ఇంకోటి వస్తుంది. దాన్ని ఎవరూ టీ పెట్టమని అడగరు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను, తరవాత ఆకలేసింది.

అక్కడి కుక్కలు నన్ను పసిగట్టాయి. ఒకటి నల్లది, రెండోది గోధుమరంగుది, ఒక చెవి చీలిపోయింది. మొదటి రోజు దూరంగా పడుకున్నాయి, రెండోరోజు దగ్గరికొచ్చి కూర్చున్నాయి. పీతలు ఇసుకలో దూరితే వాటి వెనకాల ముట్టెలు పెట్టి తవ్వడం, తుమ్మడం, మళ్ళీ తవ్వడం. బుద్ధి రాదర్రా మీకు అని నేను గట్టిగా తిట్టేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా వినిపించేది, అంత గట్టిగా, అంత హాయిగా. ఒక మధ్యాహ్నం పింకీ గొలుసు తెంపుకుని వచ్చి నా ఒళ్ళో దూకింది. పాపం మహారాణికి మైల తెలీదు. మా అత్తగారు దానిమీద పసుపునీళ్ళు చల్లి లోపలికి తీసుకెళ్ళారు. తెల్లటి బొచ్చు రెండు రోజులు పచ్చగా తిరిగింది.

దూరాన మావాళ్ళు కనపడేవారు. మా ఆయన పిల్లల్ని భుజాలు పట్టుకుని అలల్లోకి తీసుకెళ్ళేవారు, వాళ్ళు కేరింతలు కొట్టేవారు. చాలా బాగుండేవారు అందరూ కలిసి. అంత దూరం నుంచి చూస్తే మాది చక్కటి కుటుంబమే. పన్నెండేళ్ళ మా అమ్మాయి ఏరుకున్న గవ్వలు నాకు చూపించడానికి వచ్చి, నాలుగు గజాల దూరంలో ఇసుక మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. "ముట్టుకోవద్దంది నానమ్మ" అంది. దాన్ని ఒళ్ళోకి లాక్కుని, నాకేం లేదే, అంతా అబద్ధం అని చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మళ్ళీ వంటిల్లే. నేను గవ్వలు బాగున్నాయన్నాను. ఆ ఒక్క సంగతికి మాత్రం నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నా సెలవు వీరలక్ష్మి నెత్తిన పడింది. నేనది అనుకోకపోలేదు, అనుకునే ఆ అబద్ధమాడాను. మొదటిరోజు చంటిదాన్ని చంకనేసుకుని ఉప్మా మాడ్చింది. రెండోరోజు సాయంత్రం పళ్ళెం నా ముందు పెట్టి, "అక్కా, రేపటికి నేనూ చేరతాను బయట" అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. ఏమనుకుందో ఏమో, మర్నాడు మరిదితో "నావల్ల కాదండీ" అని తేల్చి చెప్పేసింది. అన్నదమ్ములిద్దరూ క్యారియర్లు పట్టుకుని ఊళ్ళో హోటల్ దాకా వెళ్ళి తెచ్చారు. ఆకాశమేమీ విరిగిపడలేదు.

ఈ మూడు రోజులూ నేను సముద్రాన్ని ఎంత చూశానో ఆయన్నీ అంత చూశాను. పళ్ళెం తెచ్చినప్పుడు, వరండాలో పేపరు చదివేటప్పుడు, ఇప్పుడు గుర్తొస్తుంది, ఇప్పుడు అంటారు అని. ఆఖరి సాయంత్రం ఆయన నా చాపకి దూరంగా మెట్టు మీద వచ్చి కూర్చున్నారు. "ఒంట్లో ఎలా ఉంది?" అన్నారు. "బాగానే ఉంది" అన్నాను. పొట్ట మీది కోత ఇంకా లాగుతోందా అని అడుగుతారనుకున్నాను. చలికాలం లాగుతుంది, ఎప్పుడూ చెప్పలేదు, అడిగితే చెబుదామని. "మంచిది. ఎల్లుండి ఇంటికెళ్ళగానే తలస్నానం చేసేసి కాస్త చారు పెట్టు. ఈ హోటల్ తిండికి నోరు చచ్చిపోయింది" అన్నారు. చెప్పి, ప్యాంటుకంటిన ఇసుక దులుపుకుని లేచారు.

ఆ రాత్రి కోపం రాలేదు నాకు. కోపమైతే ఎవరో ఒకరి మీద ఉంటుంది కదా, ఎదురుగా మనిషి ఉన్నట్టే. నా కడుపులోంచి ఒక అవయవం పోయింది, ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు అన్నట్టు పడుకున్నాను. మెట్ల కింద నల్లకుక్క నిద్రలో మూలిగింది. చెయ్యి కిందికి చాపి దాని తల మీద వేశాను.

అత్తగారూ మరిది వాళ్ళూ విజయవాడలో దిగిపోయారు. మేం పొద్దున్నే క్వార్టరు చేరాం. పిల్లలు పడుకున్నారు. నేను ఆచారం ప్రకారం తలస్నానం చేసి జుట్టు తుడుచుకుంటున్నాను. మొగులమ్మ వచ్చి, సంచులు లోపల పెట్టి, నీళ్ళబిందె దించి, "సముద్రం ఎట్లున్నదమ్మా? మంచిగ సూసినవా?" అంది.

ఆయన కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నారు. "ఎక్కడ చూసిందీ మీ అమ్మ? సరిగ్గా అక్కడికెళ్ళాక మూడు రోజులు బయట కూర్చుంది. అందరం హోటల్ కూడు తిన్నాం" అన్నారు.

మొగులమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బయట కూసునుడేంది సారూ? అమ్మకు పోయినేడు ఉగాదికి ముంగట గర్భసంచి తీసిన్రు గద. దవాఖాన్ల నేనే గద ఉన్న. ఇంకెక్కడి బయట?" అంది.

బూటు లేసు ఆయన వేళ్ళకి చుట్టుకుని ఆగిపోయింది. ఆయన తలెత్తి నన్ను చూశారు. చాలాసేపు చూశారు, కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని, ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకుంటున్నట్టు. గుర్తొచ్చింది. అది రావడం నా కళ్ళతో నేను చూశాను. ఆ మొహం కోసం మూడు రోజులు ఎదురుచూశాను, మనసులో ఎన్ని జవాబులు సిద్ధం చేసుకున్నానో. ఎందుకు అబద్ధమాడావంటే ఇది చెప్పాలి, నేనెలా మరిచిపోయాను రత్నం అంటే ఏమీ అనకూడదు, ఊరుకోవాలి అని.

"మరైతే" అన్నారాయన, "మూడు రోజులు వంటెందుకు చెయ్యలేదు?"

మొగులమ్మ నా వైపు చూసి తల దించుకుంది. నాకు మాత్రం ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. ఇక ఈయన దగ్గర ఎదురుచూడాల్సింది ఏమీ లేదు. తడి తువ్వాలు తీగ మీద ఆరేసి, మొగులమ్మ పక్కన గడప మీద కూర్చున్నాను.

"ఇవాళా చెయ్యనండీ" అన్నాను. "ఇవాళ కారణం కూడా లేదు."