ఎంగిలి స్వరం

నేను ఒక క్లారినెట్‌ని. పిల్లలు నన్ను నల్ల సన్నాయి అంటారు, పెళ్లివారు బాకా అంటారు. ఒక పెద్దమనిషైతే "ఆ పొడుగు గొట్టం ఆయన్ని కాస్త ముందుకి రమ్మనండి" అన్నాడు. దేనికీ నేను నొచ్చుకోలేదు. సిగ్గుతో చచ్చిపోవలసిన సంగతి వేరే ఒకటుంది. అది నేను చేసిన పని కాదు. కానీ నా నోటితోనే జరిగింది కాబట్టి, పక్కకి తప్పుకుని నాకేం తెలియదనడం నా వల్ల కావడం లేదు.

మీరట్‌లో, వీధి పొడుగునా బాకాలూ డ్రమ్ములూ చేసే బజారులో పుట్టాను. నల్లకర్రని గుల్ల చేసి, చిల్లులు పెట్టి, మీటలు బిగించి, ముక్కలు ముక్కలుగా పెట్టెలో సర్దారు. నన్ను చేసిన ముసలాయన పెట్టె మూసేముందు ఒకసారి కిందినుంచి పైదాకా ఊది చూశాడు. పిల్లకి చెవులు కుట్టించి పంపేవాడిలా తలూపి, ఇంకోదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ నా వంక చూడలేదు.

నా మొదటి కొలువు పోలీసు బ్యాండులో. అక్కడ అంతా కాయితం చూసి వాయించేవారు. ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా కాయితమే చెప్పేది. ఆగస్టు పదిహేనున ఒక పాట, జనవరి ఇరవై ఆరున అదే పాట, మధ్యలో ఎవరైనా పెద్దాఫీసరు రిటైరైతే అదే పాట కొంచెం నెమ్మదిగా. ఉన్నన్నాళ్లూ ఒక్క తప్పు స్వరం పలకలేదు నేను. దాన్ని గొప్ప అనుకునేదాన్ని. మీటలు వదులయ్యాక పాత సామానుతో కలిపి నన్ను వేలం వేశారు.

వేలంలో కొన్నవాడు గంధం యోహాను. మండపేట దగ్గర ఒక పేటలో పదిమంది బ్యాండుకి మాస్టరు, అప్పటికి కుర్రవాడే. ఇంటికి తీసుకుపోయి, బిగించి, ఏదో పాట పల్లవి ఊదాడు. బాగానే ఉందనుకున్నాను. చరణంలోకి వెళ్లవలసిన చోట వెళ్లకుండా పక్కకి తిరిగాడు! నాకు గుండె ఆగినంత పనైంది. కాయితం ఏది? ఎటు పోతున్నాం? కాసేపు ఎక్కడెక్కడో తిప్పి, ఎవరూ చెప్పని దారిలోంచి మళ్లీ పల్లవికి తీసుకొచ్చి దింపాడు. అరుగు మీద కూర్చుని వింటున్న నేలపూడి సింహాద్రి నవ్వాడు. అతను ఆ బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు, యోహానుకి చిన్ననాటి స్నేహితుడు.

"గొట్టం మంచిదే బావా, ఎటు తిప్పితే అటొత్తంది" అన్నాడు.

నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

ఆ బ్యాండుకి ఒక పద్ధతి ఉంది. ఊరేగింపు నడుస్తున్నంతసేపూ పెళ్లివారు అడిగిన పాటలే వాయిస్తారు. నాలుగురోడ్ల కూడలికి రాగానే ఆగి, గుండ్రంగా నిలబడతారు. అక్కడ డ్రమ్ము దెబ్బ ఒక్కటే మారకుండా నడుస్తుంది. తక్కినదంతా అప్పటికప్పుడు పుట్టాలి. ఒకడు మొదలుపెట్టి, తోచినంత దూరం పోయి, ఏదో ఒక స్వరం మీద వదిలేస్తాడు. దాన్ని వాళ్లు ఎంగిలి అంటారు. పక్కవాడు సరిగ్గా ఆ ఎంగిలి మీదే నోరు పెట్టి తన వంతు అందుకోవాలి. నాకు నచ్చిన చోట మొదలుపెడతానంటే కుదరదు. నిన్న వాయించింది ఇవాళ వాయించకూడదు. ముందువాడు ఎంత అడ్డదిడ్డమైన చోట వదిలినా సరే, దాన్ని ఎటో ఒకవైపు నడిపించి ఒడ్డుకి చేర్చాలి.

"తప్పు సొరమంటూ ఉండదండి. అందుకోడానికి పక్కోడు లేకపోతేనే అది తప్పు" అని సింహాద్రి కొత్తగా చేరినవాళ్లకి చెప్పేవాడు.

ఎంగిలి అనే ఆ మాట ఎందుకు పెట్టుకున్నారో నాకు తెలియడానికి నాలుగైదు పెళ్లిళ్లు పట్టింది. ముహూర్తానికి ముందు 'బ్యాండువాళ్లేరీ, బ్యాండువాళ్లేరీ' అని ఊరంతా వెతికే పెళ్లివారు, భోజనాల వేళకి వాళ్లని మరిచిపోయేవారు. ఆఖరి బంతిలో, పెరట్లో, గోడ పక్కన విస్తళ్లు వేసేవారు. మంచినీళ్లు అడిగితే చెంబు చేతికి ఇవ్వకుండా దోసిట్లోకి పైనుంచి పోసేవారు. అక్కడినుంచి బయటపడ్డాక వాళ్లు రోడ్డు పక్కన కూర్చుని, ఒక్క గ్లాసులో టీ పోయించుకుని, తలా ఒక గుక్క తాగి పక్కవాడికి ఇచ్చేవారు. ఎవరో కొత్తవాడు గ్లాసు అంచు తుడవబోతే సింహాద్రి చెయ్యి పట్టుకున్నాడు.

"మనకి మనం కూడా ఎంగిలైతే ఇంకెక్కడ తాగుతాం రా?"

ఆ గ్లాసూ ఈ స్వరమూ వాళ్లకి ఒకటే. ఎన్నో ఏళ్లు అలాగే నడిచింది. కాయితం లేకుండా బతకడం నేర్చుకున్నాను. పొద్దున్న పెట్టెలోంచి బయటికి వచ్చేటప్పుడు, ఇవాళ నాలోంచి ఏం వస్తుందో నాకే తెలియకపోవడం ఎంత సుఖమో చెప్పలేను.

ఆ సుఖానికి దిష్టి తగిలింది. అనపర్తి వైపు ఒక పెళ్లిలో సింహాద్రి చాలా పైన, ఎవరూ నిలబడలేని చోట ఒక స్వరం వదిలాడు. యోహాను దాన్ని అందుకున్నాడు. అక్కడినుంచి నెమ్మదిగా కిందికి దిగుతూ, మధ్యలో ఆగి వెనక్కి చూస్తూ, మళ్లీ దిగుతూ వాయించాడు. డ్రమ్ము కొట్టేవాడు కళ్లు తుడుచుకున్నాడు. కాటుక పెట్టుకున్న పెళ్లికూతురు కూడా ఏడ్చి ముఖం పాడుచేసుకుంది. అలాంటిది నాలోంచి వస్తుందని నేనూ అనుకోలేదు. ఎవరో ఫోనులో తీసి పదిమందికి పంపారు. ఆ పదిమంది వందమందికి పంపారు. ఆ వీడియోలో యోహాను ఉన్నాడు, నేను ఉన్నాను. సింహాద్రి లేడు. అతను వదిలిన స్వరం కూడా మొదట్లో సగానికి తెగిపోయి వినిపిస్తుంది.

ఇక చూడండి నడమంత్రపు సిరి. ఎక్కడికి పోయినా "మాస్టారూ, ఆ వీడియోలోది" అనేవారు. మొదట్లో యోహాను నవ్వి, "అది ఆవేళకి వచ్చిందండి, మళ్లీ రాదు" అనేవాడు. జనం ముఖాలు చిన్నబోయేవి. ఎవరి ముఖం చిన్నబోయినా చూడలేని మనిషి, అదే అతని జబ్బు. ఒకనాడు వరండాలో కూర్చుని ఫోను ముందు పెట్టుకుని, తాను వాయించినదాన్ని తానే ముక్క ముక్కగా విని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. తనకి తానే గురువై, తనకే శిష్యుడై, శిష్యుడు తప్పితే గురువు కసిరాడు. నెల తిరిగేసరికి వెనక్కి చూసే చోటు కూడా కంఠతా వచ్చేసింది. పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టు ప్రతి కూడలిలో అదే వాయించాం. కాయితం మళ్లీ వచ్చిందని నాకు అర్థమైంది, ఈసారి కనబడని కాయితం. జనం మాత్రం ఈలలు వేశారు.

అప్పటికీ ఒక మర్యాద మిగిలింది. సింహాద్రి అతని కోసం ప్రతిసారీ ఆ పై స్వరం మీదే వదిలేవాడు. తనకి నచ్చినట్టు వాయించుకోవడం మానుకుని, స్నేహితుడి వీడియోకి మెట్టు వేసి పెట్టేవాడు. ఎందుకిలా అని ఒక్కనాడు నోరెత్తి అడగలేదు.

ఈలోగా సింహాద్రి ముందు పళ్లు ఊడిపోయాయి. ట్రంపెట్‌కి పెదవులు ఎంత ముఖ్యమో వాటి వెనకాల పళ్లూ అంత ముఖ్యం. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. తినడానికి పనికొచ్చాయి గానీ, గట్టిగా ఊదితే కదిలిపోయేవి.

రావులపాలెంలో ఒక పెళ్లి. సాయంత్రం, కూడలిలో గుండ్రంగా నిలబడ్డాం. చుట్టూ ఫోనులు లేచి ఉన్నాయి. సింహాద్రి తన వంతు ముగించి ఆ పై స్వరం కోసం ఎక్కాడు. పళ్లు జారాయి. స్వరం పగిలి, పీలగా, ఎక్కడికీ చెందని చోట పడింది. పెళ్లివారిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సింహాద్రి ట్రంపెట్ దించి యోహాను వైపు చూశాడు. భయంగా చూడలేదు. ఆ కూడలిలో ఎప్పుడూ ఎవరూ వదిలేయలేదు కదా, బావ అందుకుంటాడనే ధైర్యంతో చూశాడు.

నేను యోహాను పెదవుల మధ్యే ఉన్నాను. ఆ పగిలిన స్వరం నాకు పలుకుతుంది. రెండు వేళ్లు వదులుగా పెట్టి ఊదితే చాలు. యోహాను ఫోనుల వైపు చూశాడు. డ్రమ్ము దెబ్బని రెండు చుట్లు పోనిచ్చాడు, ముందు జరిగినదానితో తనకి సంబంధం లేదని తెలిసేలాగ. నన్ను నోట్లోంచి తీసి, ఒకసారి చొక్కాకి తుడిచి, వీడియోలోది మొదటినుంచి ఎత్తుకున్నాడు.

జనం కేరింతలు కొట్టారు. ఆ పగిలిన స్వరం అక్కడే, రోడ్డు మధ్యలో, ఎవరికీ చెందకుండా ఉండిపోయింది. నన్ను గొట్టమన్నవాళ్లే నయం అనిపించింది. గొట్టానికి సిగ్గుండదు.

తిరిగి వస్తుంటే వ్యానులో సింహాద్రే నవ్వుతూ అడిగాడు.

"ఏం బావా, నా ఎంగిలి చేదెక్కిందా?"

అక్కడ ఒక్క మాట చాలు. తప్పయిందంటే సరిపోయేది. యోహానుకి తల కొట్టేసినట్టయింది, అందుకే కోపం వచ్చింది. మనుషులకి ఆ రెండూ ఒకే తలుపులోంచి వస్తాయనుకుంటాను.

"ముందు పళ్లు సరిగ్గా కట్టించుకో" అన్నాడు.

తర్వాతి పెళ్లికి సింహాద్రి ట్రంపెట్ లేకుండా, రెండు ఇత్తడి తాళాలు పట్టుకుని వచ్చాడు. కూడలిలో వంతు తన దగ్గరికి వస్తే తల అడ్డంగా ఊపి, తాళం వేస్తూ ఉండిపోయాడు. వంతు అతన్ని దాటి వెళ్లింది.

నాలుగు పెళ్లిళ్లు చూసి యోహాను అతని ఇంటికి వెళ్లాడు. చంకలో పెట్టె, పెట్టెలో నేను. సింహాద్రి ఇంట్లో లేడు. అతని భార్య రత్నం గుమ్మంలో చేపలు బాగుచేస్తోంది. రా అన్నయ్యా అంది, పీట వేసింది. చేతిలో కత్తి ఆపకుండానే అంది:

"పెళ్లిళ్లలో ఆళ్లు మనకి దోసిట్లో నీళ్లు పోసేరంటే, ఆళ్ల బుద్ధి అది అని సరిపెట్టుకున్నాం. నువ్వు కూడా ఈయనకి పైనుంచే పోత్తావనుకోలేదు అన్నయ్యా."

యోహాను ఆవిడ గ్లాసుతో ఇచ్చిన నీళ్లు రెండు చేతులా పట్టుకుని, తాగకుండా చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికి వచ్చి ఫోనులో ఆ వీడియో తీసేశాడు. దాంతో ఒరిగిందేమీ లేదు. ఊరందరి ఫోనుల్లోనూ ఉంది, అన్నిటికన్నా ముందు అతని వేళ్లలో ఉంది. కొత్తగా ఏదైనా వాయించాలని మొదలుపెడితే, నాలుగు అడుగులు వేసేసరికి వేళ్లు పాత దారిలోకి తిరిగేవి. మధ్యలోనే ఆపేసి, నన్ను ఒళ్లో పెట్టుకుని గోడ వంక చూసేవాడు. ఆ చేతుల్లో ఉండటానికి నాకూ ముఖం చెల్లేది కాదు.

సింహాద్రి మనవరాలికి ఓణీల ఫంక్షను చేశారు. ఆదివారం మధ్యాహ్నం, పేటలోనే, సందులో షామియానా వేసి. సొంతవాళ్ల ఇంట్లో కాబట్టి బ్యాండు మొత్తం భోజనాలకి ముందే వచ్చి గుండ్రంగా నిలబడింది. అక్కడ ఎవరూ ఫోను పైకెత్తలేదు, వీడియో సంగతి అడగలేదు. సింహాద్రి తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా భోజనానికి కూర్చోలేదు కాబట్టి కట్టుడు పళ్లు జేబులోనే ఉన్నాయి.

శాక్సఫోను అతను ఒక స్వరం వదిలాడు. యోహాను దాన్ని అందుకున్నాడు. చాలా నెలల తర్వాత ఇంకొకరి ఎంగిలి నా నోటికి తగిలింది. నాలుగు అడుగులు బాగానే నడిచాం. తర్వాత వేళ్లు అలవాటుగా పాత దారి వైపు తిరిగాయి. యోహాను వాటిని బలవంతంగా వెనక్కి లాగాడు. ఆ లాగడంలో దారి మొత్తం తప్పింది. కంగారులో గట్టిగా కొరికి ఊదాడు. నేను కీచుమన్నాను. ఎలాంటి కీచంటే, సందు చివర కుక్క లేచి నిలబడింది.

అందరూ ఆగిపోయారు. డ్రమ్ము ఒక్కటే నడుస్తోంది. యోహాను పక్కవాడు అందుకోవాలి. ఆ కీచుని ఎక్కడినుంచి పట్టుకోవాలో తెలియక అతను నేల చూశాడు. ఇప్పుడు రోడ్డు మధ్యలో పడి ఉన్న స్వరం యోహానుది.

అప్పుడు సింహాద్రి తాళాలు చంకలో పెట్టుకుని, బోసినోరు తెరిచి, ఆ కీచుని సరిగ్గా అక్కడే అందుకున్నాడు. నోటితోనే. "ఈ..." అని సన్నగా పట్టి, చంటిపిల్ల ఏడుపులా కాస్త ఊపి, మెల్లగా కిందికి దింపాడు. పిల్లలు నవ్వారు. అతనూ నవ్వుతూనే దాన్ని జోలగా మార్చాడు. రత్నం వంటల దగ్గరనుంచి గరిట పట్టుకునే వచ్చి నిలబడింది. తప్పు స్వరం తప్పు కాకుండా పోయింది. కొంతదూరం పోయి, సింహాద్రి ఒక మామూలు స్వరం మీద ఆగి, యోహాను వైపు చూశాడు. రావులపాలెంలో చూసిన చూపే.

యోహాను నన్ను పెదవుల దాకా ఎత్తి మళ్లీ దించేశాడు.

"నా వల్ల కాదు బావా. నాకు సిగ్గుగా ఉంది."

"ఉంటే ఉండనీ" అన్నాడు సింహాద్రి. "సిగ్గుపడతానే ఊదు. అదెలా పలుకుద్దో మేం ఎప్పుడూ ఇన్లేదు."

యోహాను ఊదాడు. ఆ స్వరం మీదే. తర్వాత ఎటు పోవాలో అతని వేళ్లకి తెలియదు, నాకూ తెలియదు. ఊపిరి మధ్యమధ్యలో తెగిపోయింది. బాగుందని నేను చెప్పలేను. కొంతదూరం వెళ్లి, ఇంక వెళ్లలేక, ఒకచోట ఆగిపోయాడు.

పక్కవాడు అక్కడినుంచి అందుకున్నాడు.