ఎర్ర దీపం ఆరేదాకా

2013 చివర్లో చంద్రమౌళి సేటు కారు తాళంచెవి వడ్లతో పాటు ఉడికిపోయింది. మిర్యాలగూడలోని తన మిల్లులో వడ్లు ఉడికించే తొట్టిలోకి వంగి చూస్తుంటే జేబులోంచి జారింది. తీసి కడిగితే ఇనుము బాగానే ఉంది. తాళం తిరిగింది, ఇంజను మాత్రం అందుకోలేదు. తాళంచెవి లోపలి చిప్పు చచ్చింది. రెండో తాళంచెవి ఎప్పుడో పోయింది.

షోరూం వాళ్లు బండిని లారీకెక్కించి హైదరాబాద్ పంపమన్నారు. బండి మనం కొన్నాం, దాని గుట్టు మాత్రం కంపెనీ దగ్గరే. ఇదేం కొనుగోలు? సేటు సూర్యాపేట నుంచి నీలను పిలిపించాడు.

నీల ఇరవై ఏళ్లుగా బస్టాండు ముందు కూర్చుని ఆకురాయితో తాళంచెవులు అరగదీస్తోంది. చిప్పు తాళాలొచ్చాక గిరాకీ పడిపోయింది. కొత్త చిప్పును బండి గుర్తుపట్టేలా చేసే మిషను కొని తనే నేర్చుకుంది. మొదటి పని కోదాడలో. మిషను తగిలించాక డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరేదాకా, పది నిమిషాలు, ఏదీ ముట్టుకోకూడదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. చేతులాడించి బతికిన మనిషి, ఖాళీగా కూర్చోవడానికి సిగ్గుపడి ఆరో నిమిషంలో వైరు పీకింది. ఆ బండి లారీ ఎక్కింది. ఇవాళ కూడా తప్పితే ఈ పని మానేయాలని బస్సులోనే అనుకుంది.

కొత్త చిప్పున్న తాళంచెవిని పాతదాని కొలతకు కోసింది. తాళంలో పెట్టి తిప్పి, స్టీరింగు కింద మిషను వైరు గుచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

హమాలీలు మూగారు. మిషను నిద్రపోయిందని ఒకడన్నాడు, ఆమెకూ చాప వేయమని ఇంకొకడు. నీల వేళ్లు వైరు దాకా వెళ్లాయి.

"ఎంతసేపమ్మా గిట్ల కూసుంటవ్? వైరు తీసి మళ్ల పెట్టరాదు," అన్నాడు సేటు.

కోదాడలోనూ విన్న మాటే. నీల వేళ్లు వెనక్కి తీసుకుంది.

"సేటూ, ఉడికిన వడ్లు ఎండకముందే మిల్లుల పోస్తవా?"

"ఎట్ల పోస్త? నూకలయితయి."

"మరి బండికి గూడ దాని టైము ఇయ్యి జర."

వడ్లు ఎండకు ఆరబోస్తున్న కూలీ బాలమ్మ పకపకా నవ్వింది. ఈసారి నవ్వు సేటు మీద. ఆయన బస్తా మీద కూర్చున్నాడు.

దీపం ఆరింది. నీల తాళం తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

"రెండోది గూడ చేయించుకో సేటూ. ఇంకో పది నిమిషాలు పడ్తది."

సేటు బస్తా మీంచి లేవలేదు. "కానియ్యి," అన్నాడు.