శనివారం పేపరు

గనిలో చనిపోయిన పానాస్ శవాన్ని మనుషులు ఎక్కే లిఫ్టులో కాదు, ఖనిజం తోడే తొట్టెలో పైకి పంపించింది కంపెనీ. గేటు దగ్గర ఆడవాళ్లమంతా చూశాం. అతని మీసాల నిండా ఎర్రటి ఇనుపధూళి. భార్య యావ్‌దోఖా తలగుడ్డ విప్పి ఆ మొహం తుడిచింది. మాలో ఎవరమూ ఏడవలేదు. ఏడ్చే హక్కు మాకు లేదు.

జీతాలు కోసినందుకు మా మగవాళ్లు గని అడుగునే కూర్చుని సమ్మె చేస్తున్నారు. పైన గేటు కాపలా మాది. బోర్ష్ సూపు క్యాన్లు, రొట్టెలు, చక్కెర జబ్బున్న పానాస్‌కు ఇన్సులిన్ మా చేతుల మీదుగానే కిందికి దిగేవి. మేమక్కడ ఉన్నంతకాలం వాటిని ఆపే ధైర్యం కంపెనీకి లేకపోయింది.

శనివారం ‘గని వెలుగు’ పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది: ఒప్పందం కుదిరింది, సోమవారం కార్మికులు పైకి వస్తారు. ఆ పేపరూ గని యజమానిదే. మాకు తెలియదా? తెలుసు. అయినా నమ్మాం. చలికి విసిగి ఉన్నాం, నమ్మాలనిపించి నమ్మాం. ఇళ్లకు పోయి స్నానాలకు నీళ్లు కాచాం, వరేనికీ కుడుములు ఉడికించాం. నేనైతే జుట్టుకు రంగు కూడా వేసుకున్నాను. గేటు ఖాళీ కాగానే కంపెనీ కాపలావాళ్లు తిండీ మందూ ఆపేశారు, కిందికి పోయే ఫోను తీగ కోసేశారు. మోసం తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి పానాస్ లేడు. ఆ శవం ముందు నిలబడి పోట్లాడి తిండి మళ్లీ కిందికి దింపించాం, ఫోను తిరిగి వేయించుకున్నాం.

సమాధి చేసిన మర్నాడు ఆ శనివారం వార్త రాసిన విలేకరి జొర్యానా గేటు దగ్గరి మా గుడారానికి వచ్చింది.

“ఏ మొహం పెట్టుకుని వచ్చావే?” అంది క్రేన్ నడిపే స్తెఫా.

“ఉద్యోగం మానేశాను, పిన్నీ. నాతో ఇంకో ఇద్దరు మానేశారు. ఇంటర్నెట్‌లో సొంతంగా వార్తల పేజీ పెట్టాం. మీ మాట రాస్తాం.”

“ఆ రోజెవరి మాట రాశావ్?”

“కంపెనీ ఆఫీసు మాట. కిందికి ఫోను చేసి అడగలేదు. అడిగి నిజం రాస్తే ఆఫీసువాళ్లు అచ్చు వెయ్యనివ్వరని తెలుసు.”

“తెలిసే రాశావన్నమాట.”

“ఆ. తెలిసే.”

“తరిమెయ్యండి దీన్ని,” అంది స్తెఫా.

“తరిమితే మన సంగతి రాసేదెవరు?” అన్నాను నేను. “కీవ్‌లో వాళ్లు మన మగాళ్లు తాగి పడుకున్నారనుకుంటున్నారు.”

అప్పుడు యావ్‌దోఖా నోరు విప్పింది. “దీన్ని క్షమించమని నన్నెవరూ అడగొద్దు. క్షమించను. కానీ రాయనివ్వండి. రాసింది ఇక్కడ అందరి ముందూ చదవాలి. ఫోన్లో కిందివాళ్లకీ వినిపించాలి. వాళ్లు అవునంటేనే బయటికి పోవాలి.”

అదే చట్టమైంది. జొర్యానా చదివేది, మేము తప్పులు పట్టేవాళ్లం. తనే పేజీలో వార్త ఎక్కించడం మాకూ నేర్పింది. ఆ వార్తలు చూసి పక్క గనివాళ్లు పని ఆపారు. కాలేజీ పిల్లలు రొట్టెల బస్తాలు మోసుకొచ్చారు.

ఒక పొద్దున ఆమె చదువుతుండగా పోలీసులు వచ్చారు.

“తప్పుడు వార్తలు రాస్తోందని ఫిర్యాదు వచ్చింది,” అన్నాడు అధికారి.

“తప్పుడు వార్త శనివారం రాసింది బాబూ,” అంది స్తెఫా. “అప్పుడెక్కడున్నారు?”

జొర్యానా తల వంచుకుంది. లాప్‌టాప్ లాక్కుని ఆమెను వ్యాను ఎక్కించారు. ఎక్కేముందు యావ్‌దోఖా ఆమె కోటు జేబులో రొట్టెముక్క కుక్కింది. మొహం మాత్రం చూడలేదు.

నేను ఫోను తీసి పేజీ తెరిచాను.

“పిల్లని పట్టుకుపోయారని రాయి,” అంది స్తెఫా.

“ముందు మన సంగతి రాయి, మోత్ర్యా,” అంది యావ్‌దోఖా. “గేటు వదిలి ఇంటికి పోయామని.”

“కంపెనీవాళ్లు నవ్వుకుంటారక్కా,” అన్నాను.

“నవ్వనీ. మనమూ దాచుకుని రాస్తే వాళ్ల పేపరుకీ మనకీ తేడా ఏముంది?”

రాశాను: “పేపరు అబద్ధం చెప్పింది. మేము నమ్మి గేటు వదిలాం. మందు అందక పానాస్ చనిపోయాడు. ఈ నిజాలు రాస్తున్న జొర్యానాను ఇవాళ పట్టుకున్నారు. ఇక మేము కదలం.” గని ఫోను ముందు గట్టిగా చదివాను. కింది నుంచి ఒక గొంతు అంది: “అవును. పంపించండి.”

పంపించాను. వ్యాను ఇంకా గేటు దాటలేదు. దాని ముందు బురదలో ఆడవాళ్లు కూర్చుంటున్నారు. వెళ్లి యావ్‌దోఖా పక్కన కూర్చున్నాను. ఆమె కాస్త జరిగి నాకు చోటిచ్చింది.